‘టేక్ కేర్’ తర్వాత ఏంటి?

జ్వరం వస్తే టేక్ కేర్. బ్యాక్‌లాగ్ మిగిలితే టేక్ కేర్. కాలు విరిగినా అదే. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంత ఈజీగా దొరికే మాట ఇంకోటి లేదు. అనేవాళ్ల మనసు మంచిదే, అందులో నాకు డౌట్ లేదు. కానీ అది పలకరింపు కాదని నా అభిప్రాయం. ఫోన్ పెట్టేసే ముందు ‘సరే మరి, ఉంటా’ అంటాం చూడండి, ఇది దానికి చుట్టం. దానికి ‘థాంక్యూ’ అని తప్ప ఏం రిప్లై ఇస్తాం? ఇచ్చాక ఇంకేం మాట్లాడతాం?

దూరంగా ఉన్న ఫ్రెండ్‌కి దెబ్బ తగిలితే ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నదే ఈ వ్యాసం. ఇదీ ఒక టాపిక్కేనా అని కొందరు అనుకోవచ్చు. ఆరు వారాలు కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నదాన్ని కాబట్టి నాకు పెద్ద టాపిక్కే. (ఇంగ్లిష్ మీడియం సరుకుని. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్ వాళ్లు దిద్దారు, వాళ్లకి దండం.)

పోయిన సెమిస్టర్‌లో బస్సు దిగుతుంటే నా ఎడమ పాదం లోపలివైపుకి మడతపడింది. చూసినవాళ్లందరూ బెణుకే అన్నారు. ఎక్స్‌రే తీస్తే పాదం బయటి అంచున, చిటికెన వేలికి వెనకాల ఉండే పొడుగు ఎముక విరిగిందని తేలింది. ఐదో మెటాటార్సల్ అంటారు దాన్ని. పాదంలో 26 ఎముకలుంటే నాకు విరిగింది ఒక్కటే. కానీ ఆ ఎముకలో సరిగ్గా నాకు విరిగిన చోట రక్తప్రసరణ తక్కువట, అందుకని అతుక్కోవడానికి టైమ్ పడుతుందట. ఆరు వారాలు పాదం నేలకి ఆనించొద్దు, తర్వాత వాకింగ్ బూటు, ఆ తర్వాత ఫిజియోథెరపీ. ఇదీ నాకిచ్చిన సిలబస్.

మాది శంషాబాద్. మంచం కిటికీ పక్కకి జరిపితే విమానాలు దిగడం కనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే అయినా, కదలకుండా పడుకుని చూస్తే కొత్త విషయం ఒకటి తెలిసింది. మా వైపు వచ్చేసరికి ప్రతి విమానమూ కాళ్లు బయటపెడుతుంది. రోజుకి ఎన్ని కాళ్లు చూశానో! నా ఒక్క కాలు తప్ప అన్నీ నేల మీద ఆనేవే.

మొదటి రోజు మా క్లాస్ గ్రూపులో నలభై ఏడు మెసేజ్‌లు వచ్చాయి. లెక్కపెట్టుకున్నా, వేరే పని లేదు కదా. నలభై ఏడులో ముప్పై పైన ‘టేక్ కేర్’లు, మిగతావి గులాబీ పూలు, దండం పెట్టే చేతులు. రెండో వారంలో మూడు. మూడో వారంలో ఒకటే వచ్చింది, అది కూడా అటెండెన్స్ షీట్ స్క్రీన్‌షాట్, నా నంబర్ కింద ఎర్ర గీతతో. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. అక్కడ ల్యాబ్‌లు, మిడ్స్, హ్యాకథాన్‌లు నడుస్తూనే ఉంటాయి. కానీ ఆ లెక్కలో ఉన్న తేడా చూడండి. నొప్పి ఎక్కువ ఉన్నది మొదటి వారంలో, నిజమే. కానీ అప్పుడు ఇంటినిండా జనం, చేతిలో మాత్రలు, కాలికి కొత్త పిండికట్టు, దాని మీద సంతకాలు. విసుగు, భయం మొదలయ్యేది మూడో వారంలో. మెసేజ్‌లు ఆగిపోయేదీ సరిగ్గా అప్పుడే.

ఇంటికి వచ్చిన చుట్టాల గురించి కూడా చెప్పాలి. తెలుగులో పరామర్శ అని మంచి మాట ఉంది. మనిషి వచ్చి, పక్కన కూర్చుని అడిగితే పరామర్శ. యాపిల్స్ వచ్చాయి, బత్తాయిలు వచ్చాయి. మా బాబాయి పొద్దున్నే పాయా తెచ్చాడు, అది మాత్రం రోజూ తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఒకాయన పుత్తూరు కట్టు కట్టించాల్సిందే అని గంటసేపు వాదించాడు. నాయనమ్మ ఎక్కడి నుంచో నల్లేరు తెప్పించి పచ్చడి నూరింది. ఎముకలకి మంచిదట. ‘నల్లేరు మీద బండి నడక’ అని ఒక సామెత ఉందని, అల్కగ అయ్యే పనిని అట్లంటరని అప్పుడే చెప్పింది. నడకే లేనప్పుడు నల్లేరు తినడం ఏంటో అనుకున్నా.

అయితే వచ్చినవాళ్లలో సగం మంది కాలు చూడగానే ఒక కథ మొదలుపెట్టేవాళ్లు. “మా ఆడబిడ్డకి గిట్లనే అయ్యింది, పదేండ్లాయె, ఇప్పటికీ చలికాలమొస్తే కుంటుతది.” చెప్పేవాళ్లకి అది సానుభూతే. పడుకున్నదానికి మాత్రం ఆ రాత్రంతా పదేండ్ల తర్వాతి చలికాలం కనిపిస్తుంది.

ఇంక మా ఫ్రెండ్ సంగతి. ఎయిర్‌పోర్ట్ పక్క ఊళ్లో పెరిగితే ఒక ఇబ్బంది ఉంది. ఫ్రెండ్స్ అమ్మానాన్నల్లో చాలామంది బదిలీల ఉద్యోగాల్లో ఉంటారు. తన నాన్న సీఐఎస్ఎఫ్. అంటే ఎయిర్‌పోర్ట్‌లో మన ఐడీ కార్డూ మొహమూ మార్చి మార్చి చూసేవాళ్లు. ఎనిమిదో క్లాస్ అయ్యాక ఆయనకి వైజాగ్ స్టీల్ ప్లాంట్‌కి బదిలీ అయ్యింది. అప్పటి నుంచి తను అక్కడే, ఇప్పుడు ఇంజనీరింగ్ కూడా అక్కడే. మధ్యలో ఆరు వందల కిలోమీటర్ల పైనే ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక రాత్రి. కానీ మిడ్స్ మధ్యలో ఆ ఒక్క రాత్రి ఎవరికి దొరుకుతుంది?

నా కాలు సంగతి తెలిసిన రోజు తను ‘టేక్ కేర్’ అనలేదు. “ఎవరే నిన్ను తోసింది?” అని అడిగింది. ఎవరూ తోయలేదన్నా. “అయితే ఎవరి మీద కేసు పెట్టాలి?” అంది. మర్నాడు ఇంకో మెసేజ్. నాకు విరిగిన రకాన్ని జోన్స్ ఫ్రాక్చర్ అంటారని, సర్ రాబర్ట్ జోన్స్ అనే బ్రిటిష్ ఎముకల డాక్టర్ 1902లో దాని గురించి రాశాడని, ఆయనకి అది డ్యాన్స్ చేస్తూ విరిగిందని. “నీది డ్యాన్సర్ల ఫ్రాక్చరే. బస్సు అని ఎవరికీ చెప్పకు, పరువు పోతది.” డాక్టర్ చెప్పిన పేరుని నేను భయపడుతూ విన్నాను. అదే పేరుని తను నవ్వుకునేలా చేసి చేతికిచ్చింది.

దాని తర్వాత వచ్చిన మెసేజే ఈ వ్యాసానికి కారణం. మేమిద్దరం రోజూ వర్డిల్ ఆడి స్కోర్ పంపుకుంటాం. దెబ్బ తగిలాక నేను ఆడటం మానేశా. నాలుగో రోజు తను రాసింది: “నిన్న రెండింట్లో కొట్టా. నువ్వు లేవు. గెలిచినట్టే లేదు.” అంతే. కాలు గురించి ఒక్క ముక్క లేదు. అయినా ఆ వారంలో నేను చదివిన అన్ని మెసేజ్‌లలో నా కాలికి ఎక్కువ పనికొచ్చింది అదే.

ఎందుకు పనికొచ్చింది అని తర్వాత ఆలోచించా. అప్పుడు సింధు గుర్తొచ్చింది.

2016 ఆగస్టులో రియో నుంచి సిల్వర్ మెడల్‌తో పి.వి. సింధు దిగింది మా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లోనే. అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఓపెన్ టాప్ బస్సులో ఊరేగింపు. మాకు అప్పుడు పదేళ్లు. రోడ్డు పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచాం. మా దృష్టిలో కరోలినా మారిన్ అంటే విలన్. ఫైనల్లో మొదటి గేమ్ సింధు 21-19తో గెలిస్తే, తర్వాతి రెండూ 21-12, 21-15తో లాక్కెళ్లిన స్పెయిన్ అమ్మాయి. గెలిచాక మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే సింధు వెళ్లి లేపి కౌగిలించుకుంది, కింద పడున్న ఆమె రాకెట్ తీసి పెట్టింది. చిన్నప్పుడు అది చూసి “ఎందుకే ఆమెకి హెల్ప్ చేస్తది?” అని మా ఇద్దరికీ కోపం కూడా వచ్చింది.

ఐదేళ్ల తర్వాత, 2021లో, టోక్యో ఒలింపిక్స్ రెండు నెలల్లో ఉన్నాయనగా మారిన్ ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. గోల్డ్ మెడలిస్ట్, తన గోల్డ్ కాపాడుకోవడానికి ఆడాల్సిన మనిషి, ఆపరేషన్‌కి వెళ్లింది. అప్పుడు సింధు ఒక చిన్న వీడియో పెట్టింది. తొందరగా కోలుకోవాలని అందరూ చెప్పేది చెప్పింది, నిజమే. కానీ దాంతో ఆగలేదు. పోయిన ఒలింపిక్స్‌లో ఫైనల్ మనిద్దరమే ఆడాం అని గుర్తుచేసింది. ఈ ఒలింపిక్స్‌లో నువ్వు ఉండవు, నీతో పోటీ పడటం మిస్ అవుతా అని చెప్పింది.

ఒక్కసారి ఆలోచించండి. మారిన్ లేకపోతే సింధుకి లాభం. మెడల్ దారిలో ఉన్న పెద్ద అడ్డు తొలగినట్టే. ఆ లాభం ఉన్న మనిషి నోటి నుంచి ‘నీ లోటు తెలుస్తోంది’ అనే మాట వస్తే దానికి బరువుంటుంది. జాలిలో ఆ బరువు ఉండదు. జాలిపడేవాళ్లు మన గాయాన్ని చూస్తారు. లోటు తెలిసినవాళ్లు మన చోటుని చూస్తారు, అది ఇంకా మన పేరు మీదే ఉందని చెబుతారు. మా ఫ్రెండ్ ‘గెలిచినట్టే లేదు’ అన్నదీ అదే. ఒలింపిక్స్‌ని వర్డిల్‌తో పోలుస్తున్నానని నవ్వుకోండి, పర్లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మరుసటి సంవత్సరం కాలి దెబ్బ సింధు వంతు వచ్చింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ పాదం నొప్పితోనే ఆడి గోల్డ్ గెలిచింది. తర్వాత చూస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్. ఇది ఒక్క దెబ్బతో విరిగేది కాదు. ఒకే చోట రోజూ పడే భారానికి ఎముక మెల్లగా చీలడం. ఆ నెలాఖరులో టోక్యోలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్ పోయింది, ఆ ఏడాదిలో మిగిలిన టోర్నమెంట్లూ పోయాయి. ఐదు నెలల తర్వాత, 2023 జనవరిలో మలేషియా ఓపెన్‌లో మళ్లీ కోర్టు మీదకి వచ్చింది. మొదటి రౌండ్‌లో ఎదురుగా ఎవరు? మారిన్. మూడు గేమ్‌లు జరిగాయి. సింధు ఓడిపోయింది.

నాకు ఈ కథలో ఎక్కువ నచ్చేది ఆ ఓటమే. కోలుకుని వచ్చిందని మారిన్ ఒక్క పాయింట్ కూడా మెల్లగా ఆడలేదు. అదే ఏడాది, అంటే 2023 అక్టోబర్‌లో డెన్మార్క్ ఓపెన్ సెమీస్‌లో, ఇద్దరూ కోర్టు మీదే గొడవపడి ఎల్లో కార్డులు తెచ్చుకున్నారు. స్నేహం అంటే ఎప్పుడూ తియ్యగా మాట్లాడుకోవడమే అనుకునేవాళ్లు ఆ మ్యాచ్ చూడాలి.

ఇంకొకటి, క్లుప్తంగా చెప్తా. 2024 పారిస్‌లో సెమీఫైనల్ ఆడుతూ, ఆధిక్యంలో ఉండగానే మారిన్ కుడి మోకాలు మళ్లీ దెబ్బతింది. ఎదురుగా ఆడుతున్న చైనా అమ్మాయి హె బింగ్జియావో ఫైనల్‌కి వెళ్లి సిల్వర్ తీసుకుంది. పోడియం మీద మెడల్‌తో పాటు చేతిలో ఒక చిన్న స్పెయిన్ పిన్ను పట్టుకుని నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ ఇంకో మనిషి ఉండాల్సింది అని ఆ పిన్నే చెప్పింది. టోక్యోలో బ్రాంజ్ మ్యాచ్‌లో సింధు చేతిలో ఓడింది, పారిస్‌లో సింధుని ఇంటికి పంపిందీ ఈ అమ్మాయే. బ్యాడ్మింటన్ ప్రపంచం మా శంషాబాద్ కన్నా చిన్నది.

మళ్లీ నా కాలి దగ్గరికొస్తా. “మాటలతోటి బొక్క అతుకుతదా?” అని నాయనమ్మ అడిగింది, నేను గంటలు గంటలు చాటింగ్ చేస్తుంటే. న్యాయమైన ప్రశ్న. అతకదు. ఎముక తన పని తాను చేసుకుంటుంది. మొదట విరిగిన చోట రక్తం గడ్డకడుతుంది, తర్వాత మెత్తని మృదులాస్థి లాంటి కణజాలం వంతెన కడుతుంది, కొన్ని వారాలకి అది గట్టిపడి ఎముక అవుతుంది, ఆ తర్వాత నెలల తరబడి తన ఆకారం తాను సరిచేసుకుంటూ ఉంటుంది. దీంట్లో దేనికీ వాట్సాప్ అవసరం లేదు.

కానీ ఎముక అతకడం వేరు, నడవడం వేరు. ఆరో వారం ఎక్స్‌రే చూసి ఇక బరువు పెట్టొచ్చు అన్నారు. అంటే కాలు పరీక్ష పాసైంది. నేలకి ఆనిస్తే మాత్రం కాలు ఆనదు. నొప్పి అంత లేదు, అయినా ఆనదు. పిక్క సన్నబడింది, రెండు కాళ్లూ పక్కపక్కన పెడితే వేరే వేరే మనుషులవి లాగా ఉన్నాయి. మడమ దించబోతే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు చూస్తే చిన్నపిల్లల ఆటలు. టవల్‌ని కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవాలి. గాలిలో పాదంతో ఏబీసీడీలు రాయాలి. రోజుకి మూడుసార్లు. నాలుగో రోజుకే ఎవరికైనా విసుగొస్తుంది. మాటలు పనిచేసేది ఇక్కడ.

తను ఏం చేసిందంటే, మొదటి వారంలోనే ఒక గూగుల్ షీట్ తెరిచింది. పేరు ‘అప్పు పుస్తకం’. నేను మంచం మీద ఉన్నన్ని రోజులూ రోజుకి 500 అడుగులు నా తరఫున తను నడుస్తుంది. సాయంత్రం ఆర్కే బీచ్ వైపు వెళ్తే ఫోన్‌లో వచ్చిన నంబర్ పంపేది. “8,214. ఇందులో 500 నీవి. రాసుకో.” నలభై రెండు రోజులకి 21,000 అడుగులు అప్పు తేలింది. వడ్డీ అడుగుల్లో వద్దంది, ఉస్మానియా బిస్కెట్లు కావాలంది.

ఇది పిల్లచేష్టే. కానీ దీని లోపల ఉన్న లాజిక్ చూడండి (సీఎస్ఈ బుర్ర, ఊరుకోదు). అప్పు ఇవ్వాలంటే తీరుస్తారనే నమ్మకం ఉండాలి. నువ్వు నడుస్తావ్, నడుస్తావ్ అని తను ఒక్కసారి కూడా నాతో అనలేదు. నడుస్తాననే లెక్కలోనే రాసుకుంటూ పోయింది. ‘నీకు నయమవుతుంది’ అని ఎవరైనా అంటే ఒకవేళ కాకపోతే అనే ఆలోచన వెంటనే వస్తుంది. ‘ఇరవై ఒక్క వేలు బాకీ’ అంటే ఆ ఆలోచనకి చోటెక్కడ?

తీర్చడం మొదలైన రోజు వాకర్ పట్టుకుని హాల్ నుంచి వంటింటి దాకా, మళ్లీ వెనక్కి. నలభై అడుగులు. పంపా. “నలభై జమ. రసీదు ఇదిగో” అని ఒక చెత్త బొమ్మ గీసి పంపింది. వారం తర్వాత ఉషారుగా ఒక్కరోజే తొమ్మిది వందలు నడిచి పంపితే ఒప్పుకోలేదు. ఫిజియో ఎంత చెప్పారో అంతే జమ, మిగతావి వాపసు. “మా బ్యాంక్ రోజుకి 300 పైన తీసుకోదు.” ప్రోత్సాహం అంటే ఎప్పుడూ ముందుకి తొయ్యడమే కాదని నాకు తెలిసింది అప్పుడే. వెనక్కి పట్టుకోవడం కూడా అందులో భాగమే. దానికి ఫిజియో ఏం చెప్పారో గుర్తుండాలి. గుర్తుండాలంటే అడిగుండాలి.

మధ్యలో ఒక ఐదు రోజులు నాకు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. తను ‘ఏమైందే, చెప్పు, ప్లీజ్’ అని వెంటపడలేదు. రోజూ ఆ నంబర్ ఒక్కటే వచ్చేది. 7,030. 6,655. 9,102. ఆరో రోజు నేనే రాశా, “తొమ్మిది వేలు ఎట్ల నడిచినవే?” అని. “బస్సు మిస్సయింది. ఏం సేస్తాం మరి” అంది. ఈ మధ్య తనకి అక్కడి యాస బాగా పట్టింది.

హీరోల కథలు చెప్పి ధైర్యం ఇవ్వాలనుకునేవాళ్ల గురించి ఒక మాట. మా పెద్దమ్మ నాకు ‘మయూరి’ చూడమని చెప్పింది. చూశా. 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన సినిమా. యాక్సిడెంట్ తర్వాత కాలు కోల్పోయి, జైపూర్ ఫుట్‌తో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. గొప్ప సినిమా, గొప్ప మనిషి. కానీ చిటికెన వేలి ఎముక విరిగినదానికి ఆవిడ కథ చెప్తే ఏమవుతుందంటే, ధైర్యం రాదు, సిగ్గు వస్తుంది. ఆమె అంత దాటింది, నువ్వు ఇంతకే ఏడుస్తున్నావా అన్నట్టు వినిపిస్తుంది. ఎవరి నొప్పి కొలత వాళ్లదే. పక్కన పెద్ద నొప్పిని నిలబెడితే చిన్న నొప్పి తగ్గదు, చెప్పుకోవడానికి మొహమాటపడుతుంది అంతే.

ఇంతా చదివి, దూరంగా ఉండి మెసేజ్‌లు పెట్టడం సులువే, దగ్గర ఉండి చేసినవాళ్ల సంగతేంటి అని అడగొచ్చు. అడగాలి కూడా. మా అమ్మ నలభై రెండు రోజులు నా స్నానానికి స్టూలు వేసింది, కాలికి ప్లాస్టిక్ కవర్ చుట్టింది. కాలేజీకి తిరిగొచ్చాక మా బెంచ్‌లో ఇద్దరు నా బ్యాగ్ మోశారు, ల్యాబ్‌కి మెట్లెక్కేటప్పుడు వెనకాల ఒకరు, ముందు ఒకరు నడిచారు. ఏ గూగుల్ షీటూ దానికి సమానం కాదు. దగ్గరివాళ్ల పని చేతులతో, దూరపువాళ్ల పని మాటలతో. రెండూ కావాలి. నాకు అర్థం కానిది ఏంటంటే, చేతులు ఆనేంత దగ్గర ఉండి మాటలతో సరిపెట్టేవాళ్లు. పక్క బ్లాక్‌లో ఉంటారు, క్యాంటీన్‌లో రోజూ కనిపిస్తారు, గ్రూపులో గులాబీ పువ్వు పెడతారు. మీరు ఆరు వందల కిలోమీటర్ల దూరంలో లేరు ఫ్రెండ్స్. వచ్చి బ్యాగ్ పట్టుకోండి.

నిజంగా దూరంలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇంతే. మొదటి రోజు రాయకపోయినా పర్లేదు, ఆ రోజు ఎలాగూ నలభై ఏడు మంది రాస్తారు. ఫోన్‌లో ఇరవయ్యో రోజుకి రిమైండర్ పెట్టుకోండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘పర్లేదు’ అని తప్ప ఎవరూ చెప్పరు, అందుకని చిన్నది, గట్టిది అడగండి. టవల్ ఎన్నిసార్లు లాగావు? చెప్పులో కాలు పడుతోందా? వాళ్లు లేక మీ దగ్గర ఏం ఆగిపోయిందో చెప్పండి. ఏమీ ఆగిపోకపోతే అబద్ధం చెప్పొద్దు, కాలు విరిగినవాళ్లకి బుర్ర బాగానే పనిచేస్తుంది, కనిపెట్టేస్తారు.

మా సెక్షన్‌లో ఒకడు ఈ నెల మొదట్లో ఇంట్రా-కాలేజ్ కబడ్డీలో చీలమండ లిగమెంట్ తెంపుకుని కర్నూలు వెళ్లిపోయాడు. పెద్ద పరిచయం లేదు, ల్యాబ్‌లో నా వెనక సిస్టమ్ వాడిది. గ్రూపులో మామూలే, మొదటి రోజు జాతర, తర్వాత నిశ్శబ్దం. నిన్నటికి ఇరవయ్యో రోజు. నేను ఇలా రాశా: “నీ సిస్టమ్‌లో వేరే ఎవడో కూర్చుంటున్నాడు. ఆ స్పేస్ బార్ నొక్కడం నీకొక్కడికే వచ్చేట్టుంది, వాడు కొట్టే ప్రోగ్రాంలో పదాలన్నీ అతుక్కుపోతున్నాయి.”

రెండు నిమిషాల్లో రిప్లై వచ్చింది.

“ఎవడు వాడు? ఎడమవైపు చివర్న గట్టిగా నొక్కాలని చెప్పు. లేదంటే వద్దులే, చెప్పకు. పదిహేను రోజుల్లో నేనే వస్తున్నా.”